మోకాలిమెట్టు దారిలో

అలిపిరి పాదాల మండపంలో స్వామివారి పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేస్తున్నప్పుడైనా మనసు గోవిందనామం మీద నిలవాలని కోరుకున్నాను. నాలుగడుగులు వేశానో లేదో, ఇంట్లో అనుకున్న మాటామాటా గుర్తొచ్చింది. దాన్ని తోసేస్తే ఇంకోటి. ఆ మనసుతోనే మొదటి మెట్టుకి దణ్ణం పెట్టి ఎక్కడం మొదలుపెట్టాను.

ఈ దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఊపిరి సలపనివ్వదు. అక్కడికి ఇంకా చాలా దూరముందనగా ఒకావిడ కనిపించింది, మెట్ల పూజ చేసుకుంటూ ఎక్కుతోంది. ఎడమచేతిలో తడిపిన పసుపు డబ్బా, కొంగుముడిలో కుంకుమ. మెట్టు మీద బొటనవేలితో పసుపు అద్ది, దాని నడుమ కుంకుమబొట్టు పెట్టి, నడుమెత్తకుండానే పై మెట్టుకి జరుగుతోంది. గోళ్ళ లోపలిదాకా పసుపు పట్టేసింది. పైనుంచి దడదడా దిగుతున్న కుర్రాడొకడు అప్పుడే పెట్టిన బొట్టు తొక్కేశాడు. "కండ్లు కనబళ్ళేదా నీకు!" అని అరిచింది. వెంటనే నాలిక్కరుచుకుని, పసుపు చేతులతోనే లెంపలేసుకుని, ఆ మెట్టుకి మళ్ళీ బొట్టు పెట్టింది.

పక్కన కూర్చుని, ఏం మొక్కుకున్నారమ్మా అని అడిగాను.

"మొక్కు ఎప్పుడో తీరిపొయ్యింది తల్లీ. నాకీ నోరు ఆగదు. మా ఆయన మీద, కోడలి మీద, ఇప్పుడు జూడు, స్వామి మెట్టు మీదే అరిస్తి. ఆయన కాడికి వస్తా ఉంటే ఎప్పటికన్నా తగ్గకుండా పోతుందా?" అంది. చెబుతూనే పై మెట్టుకి పసుపు అద్దేసింది.

గాలిగోపురం దాటాక దారి కాస్త చదును. చాలాసేపు ఆమె మాటే నాతో నడిచింది.

మోకాలిమెట్టు దగ్గర కొండ మళ్ళీ నిటారుగా లేస్తుంది. పవిత్రమైన ఈ కొండను కాలితో తొక్కకూడదని రామానుజాచార్యులు మోకాళ్ళ మీద ఎక్కారని చెబుతారు. ఇప్పటికీ కొందరు ఇక్కడి మెట్లు అలాగే ఎక్కుతారు. అయితే నాకు ఇక్కడ ముందు గుర్తొచ్చేది తాళ్ళపాక నుంచి వచ్చిన పిల్లవాడు అన్నమయ్య. తెలియక చెప్పులతో ఎక్కాడు, ఆకలికి సొమ్మసిల్లి పడిపోయాడు. అలమేలుమంగ వచ్చి చెప్పులు విప్పమని చెప్పి, ప్రసాదం తినిపించిందని ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. తెలియకుండా వచ్చిన బిడ్డను ఆ తల్లి వెనక్కి పంపలేదు.

ఆ పిల్లవాడే పెద్దయ్యాక 32,000 సంకీర్తనలు చెప్పాడంటారు. రాగిరేకుల మీద మనకు దొరికినవి 12,000 పైచిలుకు. అధ్యాత్మ సంకీర్తనలు చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. స్వామిని అంతగా కొలిచినవాడు, తన మనసు మాట వినదనీ, ఆశ చావదనీ ఎన్ని పాటల్లో మొరపెట్టుకున్నాడో! అన్నీ కడుక్కున్నాకే కొండెక్కుదామనుకుంటే ఆయన కూడా తాళ్ళపాకలోనే ఉండిపోయేవాడేమో. ఇంకాస్త మంచివాళ్ళమయ్యాక భక్తి సంగతి చూద్దాం అనేవాళ్ళ మాట అందుకే నేను ఒప్పుకోను. ఆ రోజు దానంతటది రాదు.

దర్శనం అర్ధరాత్రి దాటాక అయింది. గర్భగుడి గడపను కులశేఖరపడి అంటారు. స్వామి సన్నిధిలో మెట్టుగా పడి ఉండే భాగ్యమిస్తే చాలని వేడుకున్న కులశేఖర ఆళ్వారు పేరది. ఆయన రాజు. ఆయన కోరినది పదిమంది దాటిపోయే గడపగా ఉండడం. మాలాంటివాళ్ళం ఆ గడపకి చాలా ఇవతలే ఆగిపోతాం. "జరగండమ్మా, జరగండి" అంటుండగానే దీపాల వెలుగులో నామం, శంఖచక్రాలు కనిపించాయి. అడగాలనుకున్నదేదీ నోటికి రాలేదు.

బయటికొచ్చి విమాన వేంకటేశ్వరుడి ఎదుట నిలబడ్డాక మాట వచ్చింది. ఈ కోపం తగ్గించు స్వామీ, తగ్గినా తగ్గకపోయినా నన్ను రానివ్వడం మాత్రం మానకు అన్నాను. ఆ తరవాత మావాడి ఉద్యోగం సంగతీ అడిగాను. ఆయన్ని కాక ఇంకెవరిని అడగను?