మూడు నదుల ఒడ్డున ఎదిర్నే

ఇస్తాంబుల్ నుండి వాయవ్య దిశగా బస్సులో సుమారు మూడు గంటలు ప్రయాణించి మేము ఎదిర్నే చేరుకున్నాము. గ్రీసు, బల్గేరియా సరిహద్దులు రెండూ ఈ నగరానికి చేరువలోనే ఉన్నాయి. 1453లో ఇస్తాంబుల్ జయించేవరకు ఉస్మానీ సుల్తానుల రాజధాని ఇదే. ఊరు రాకముందే పొద్దుతిరుగుడు పొలాల మీదుగా సలీమియా మస్జిద్ నాలుగు మీనార్లు కనిపించాయి.

మిమార్ సినాన్ ఈ మస్జిద్‌ను 1568లో ఆరంభించి 1575 నాటికి పూర్తిచేశాడు. అప్పటికి ఆయన వయోవృద్ధుడు. 31 మీటర్లకు పైగా వెడల్పు గల గుంబద్‌ను ఎనిమిది స్తంభాలు మోస్తున్నా, అవి గోడల దరికి ఒదిగి ఉండటం వల్ల వరుసల మధ్య అడ్డు లేదు. అయినా మా మనస్సు 1414 నాటి పాత జామె మస్జిద్‌లోనే చిక్కుకుంది. దాని గోడలపై నిలువెత్తు నల్లని అక్షరాలు! పలకపై అలిఫ్ దిద్దించే వృత్తి మాది. ఆ ఆకర్షణ సహజమే కదా.

తుంజా నది ఒడ్డున రెండవ బాయజీద్ 1488లో మస్జిద్‌తోపాటు ఆసుపత్రి, వైద్య మద్రసా కట్టించాడు. మతిస్థిమితం తప్పినవారికి అక్కడ నీటి సవ్వడితో, సంగీతంతో, పరిమళాలతో ఉపశమనం కలిగించేవారు. 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ దీనిని వర్ణించాడు. నేడది మ్యూజియం. మతి చెడినవారిని గొలుసులతో కట్టి దర్గాల వద్ద వదిలే మనవారు దీనిని చూడవలసింది.

1909లో నిర్మించిన యూదుల ప్రార్థనాలయాన్ని 2015లో పునరుద్ధరించారు. కట్టడం మెరుస్తోంది. ఒకనాడు వేలల్లో ఉన్న యూదులు మాత్రం నగరంలో దాదాపు లేరు.

సాయంకాలం మెరిచ్ నది వంతెన చెంత చాయ్ తాగాము. 1847లో పూర్తయిన రాతి వంతెన అది. అస్తమయ వేళ నీరంతా కెంపు వర్ణమైంది. నగరం దాటాక ఈ నదే తుర్కియాకు, గ్రీసుకు సరిహద్దు. యుద్ధాల నుండి పారిపోయి వచ్చిన అఫ్ఘాన్, సిరియా వాసులు ఎందరో రాత్రివేళ దీనిని దాటబోయి మునిగిపోయారు. ఆవలి గట్టున సిదిరో అనే ముస్లిం గ్రామం ఉంది. పేరు తెలియని ఆ మృతులను అక్కడి ముఫ్తీ గుట్టమీద ఖననం చేయిస్తూ వచ్చారు. ఏ తల్లి కన్నబిడ్డలో! ఎక్కడ ఉన్నారోనని ఇంటివారు నేటికీ ఎదురుచూస్తూనే ఉంటారు.

మా హనఫీ ఫిఖ్‌హ్‌లో గైబానా జనాజా నమాజు లేదు. మగ్రిబ్ ముగించి, నదివైపు చూస్తూ వారి మగ్‌ఫిరత్ కోసం దుఆ చేశాము.