సోరర్‌లో రాతి మాచీ

వీరుల పేర నిలిచిన స్థలాలను చూడబోయేవారు సాధారణంగా కోటగోడలనో, యుద్ధభూమినో, కత్తివేటు పడిన బండనో వెదుకుతారు. ఛత్తీస్‌గఢ్‌లోని సోరర్ గ్రామంలో అటువంటి వేవీ లేవు. పొలాల నడుమ కొన్ని రాతిస్తంభాలు, వాటిపై మిగిలిన కప్పురాళ్లు మాత్రమే ఉన్నవి. రాష్ట్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్న ఈ శిథిల మండపాన్ని జనం ‘బహాదుర్ కలారిన్ కీ మాచీ’ అంటారు. మాచీ అంటే చిన్న ఆసనం. సంస్కృతంలోని ‘మంచ’ శబ్దమే ఇక్కడ మాచీ అయింది. మన ఇళ్లలో మంచమూ, చేలలో మంచె అయింది. ఆ విధంగా ఈ రాళ్ల పేరు తెలుగు చెవికి పూర్తిగా పరాయిది కాదు.

ఆ రాళ్ల కథ మాత్రం పరాయిగానే ఉండిపోయింది. భిలాయిలోని ఖుర్సీపార్‌లో తెలుగు కుటుంబాలు రెండు మూడు తరాలుగా నివసిస్తున్నవి. 1955లో సోవియట్ దేశంతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా మొదటి కొలిమి ప్రారంభమైన ఆ కర్మాగారం, పని వెదుక్కుంటూ వచ్చిన ఎందరికో అన్నం పెట్టింది. వారి పిల్లలకు ఇంట తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ అలవడినవి. వీలున్నప్పుడు వారు రైలెక్కి ఆంధ్రదేశంలోని తమ గ్రామదేవతల పండుగలకు పోతారు. బాలోద్ వైపు పోయేవారు అరుదు. అయితే భిలాయి కొలిమికి దశాబ్దాల తరబడి ఇనుపరాయి వచ్చినది ఆ ప్రాంతపు దల్లీ రాజహరా గనుల నుండియే. కర్మాగారానికి నీరు వచ్చినది అక్కడి తాండులా జలాశయ సముదాయం నుండియే. రాయి వచ్చింది, నీరు వచ్చింది. కథ మాత్రం రాలేదు.

2012లో దుర్గ్ జిల్లా నుండి విడివడిన బాలోద్ జిల్లాలో, గురూర్ ప్రాంతాన సోరర్ ఉన్నది. ఫాల్గుణమాసం ముగిసే వేళకు వరిచేలు కోతలై బీడుగా కనిపిస్తవి. ఇప్పచెట్ల కింద తెల్లవారుజామున రాలిన పూలను స్త్రీలు బుట్టల కెత్తుతూ ఉంటారు. ఈ పూలతో సారా కాచి అమ్మడం కలార్ కులస్థుల పూర్వవృత్తి. కథానాయిక ఆ కులపు స్త్రీ.

కథను పలువురు పలు విధాల చెబుతారు. దాని సారాంశ మిది: వేటకు వచ్చిన ఒక రాజు ఆమెను వలచి, కొంతకాల ముండి వెళ్లిపోయాడు. ఆమె ఛఛాన్ అనే కొడుకును కని, ఒంటరిగా పెంచింది. పెరిగిన కొడుకు తన తండ్రి ఎవరని అడిగాడు. విని రాజవంశాల మీద పగబట్టాడు. దేశదేశాల కన్యలను తెచ్చి భార్యలుగా చేసుకున్నాడు. వారి సంఖ్యను జనం ‘ఛై ఆగర్ ఛై కోరీ’ అని లెక్కిస్తారు. కోరీ అంటే ఇరవై; ఆరు ఇరవైలు, పైన ఆరు, అనగా 126 మంది. తల్లి వారించింది, అతడు వినలేదు. అప్పుడామె అతనికి కడుపునిండా భోజనం పెట్టి, దాహమన్నా ఎవ్వరూ నీళ్లు పోయరాదని ఊరంతటికీ చెప్పింది. ఇంటింటికీ తిరిగి, చివరకు నూతి దగ్గరకు వచ్చి వంగిన కొడుకును తానే లోనికి త్రోసింది. ఆపైన తానూ ప్రాణాలు విడిచింది.

జానపద వీరులు సామాన్యంగా బయటి శత్రువును జయిస్తారు. చైనా దేశపు షాన్‌డాంగ్ ప్రాంతంలో వూ సోంగ్ అనే వీరుడు ఒట్టి చేతులతో పులిని చంపాడని చెప్పుకొనే జింగ్‌యాంగ్ గుట్టను చూడడానికి జనం పోతారు. మన కారెంపూడిలో పల్నాటి వీరులకు ఏటేటా ఉత్సవం జరుగుతుంది. భర్తను యుద్ధానికి పంపిన మాంచాల మనకు వీరపత్ని. సోరర్ స్త్రీకి ఎదురైన పులి తన ఇంట పుట్టింది, తన పాలు త్రాగింది. అందువల్లనే ఈ కథ విన్నవాడు వెంటనే జేజేలు పలుకలేడు.

ఖుర్సీపార్ నుండి ఒకమారు అక్కడికి వచ్చిన ఒక తెలుగు కుటుంబంలో ఉత్తరాంధ్రకు చెందిన ముసలమ్మ ఉన్నది. ఊరివారు చెప్పిన కథను మనుమడు ఆమెకు తెలుగులో వినిపించాడు. ఆమెకు కొడుకును చంపడం కంటె వేరొకటి మనసులో పట్టుకున్నది.

“దాహమంటే ఒక్క ఇంటివాళ్లైనా నీళ్లు పొయ్యలేదట్రా?”

“ఒక్కరూ పొయ్యలేదట, మామ్మా. తల్లి వద్దన్నది గదా!”

“తల్లి వద్దన్నదని కాదురా. ఆ ఆడపిల్లలూ ఒక అమ్మ కన్నవాళ్లే గదా!”

కథలోని కీలకం ఆమె మాటలో ఉన్నది. దాహానికి నీళ్లివ్వకపోవడం పల్లెలో మహాపాపం. ఊరంతా ఆ పాపానికి సమ్మతించిందంటే, లోపల బందీలై ఉన్న కన్యల గోడు అప్పటికే ప్రతి గడపకూ చేరి ఉండాలి. తల్లి ఒక్కతే తీర్పు చెప్పలేదు. తన కొడుకును ఆ తీర్పుకు మినహాయింపుగా అడుగలేదు, అంతే. పరుల బిడ్డలకు జరిగిన అన్యాయాన్ని తన బిడ్డ మీది ప్రేమతో సమంగా తూచడమే ఆమె ధైర్యం. ‘బహాదుర్’ అనే బిరుదు ఆమెకు అందువల్లనే తగినది.

రాయపూర్‌లో జన్మించిన నాటకకర్త హబీబ్ తన్వీర్ 1978లో ఈ కథను ఛత్తీస్‌గఢీ గ్రామీణ నటులతో ‘బహాదుర్ కలారిన్’ అనే నాటకంగా ప్రదర్శించాడు. ఫిదాబాయి తల్లిపాత్ర ధరించింది. ఇందరు భార్యలలో ఎవరివల్లా కొడుకు తృప్తి చెందకపోవడానికి మూలం తల్లిపై మోహమేనన్న భావంతో, ఆయన దీనిని గ్రీకుల ఈడిపస్ గాథకు దగ్గరగా తెచ్చాడు. పండితులకు ఆ పోలిక రుచిస్తుంది. కలార్ కులస్థులకు మాత్రం ఆమె పూజ్యురాలైన తల్లి.

పనికోసం ఒక చోటికి వచ్చినవాడు ఆ నేల ఇచ్చిన కూలిని తీసుకుంటాడు, నీరు త్రాగుతాడు. దాని కథ కూడా వచ్చిన నాడు గాని ఆ నేల అతని పిల్లలకు సొంతూరు కాదు. సోరర్ మాచీ మీద కూర్చున్న తల్లి కథ కలార్లకు మాత్రమే చెందినది కాదు. దాని నీతి కొడుకులున్న ప్రతి ఇంటికీ చెందినది. ఖుర్సీపార్‌లోని తెలుగు తల్లులు తమ పిల్లలకు మాంచాలను గురించి చెప్పిన రాత్రి, కలారిన్‌ను గురించి కూడా చెప్పవచ్చును.