గోంగూర కుండీల సంగతి

అడిలైడ్

ఒరేయ్,

బ్రిస్బేన్‌లో పెరడున్న ఇల్లు దొరికిందనీ, కుండీల్లో గోంగూర వేస్తున్నాననీ నువ్వు రాసింది చదివి ఎంత సంతోషించానో. మట్టి బస్తాలు దించుకున్నానన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. ల్యాబులో పనిచేసేవాణ్ణి, చెప్పకుండా ఎలా ఉంటాను?

1980ల చివర్లో మా దక్షిణ ఆస్ట్రేలియాలో కొందరికి న్యుమోనియా వచ్చింది. కారణం లీజియోనెల్లా అనే బాక్టీరియా. అప్పటిదాకా ఆ పేరు వింటే అందరూ ఏసీల కూలింగ్ టవర్ల వైపే చూసేవాళ్ళు. ఇక్కడ జబ్బుపడ్డవాళ్ళు చూస్తే తోటపని చేసేవాళ్ళు. ట్రెవర్ స్టీల్ బృందం కుండీ మట్టిలోంచే దాన్ని పట్టుకుని 1990లో ప్రచురించింది. దాని పేరు లీజియోనెల్లా లాంగ్‌బీచీ. పైన్ బెరడు, రంపపు పొట్టు మాగబెట్టి చేసే ఈ మట్టి దానికి బాగా పడుతుంది. నీ బస్తా మీద హెచ్చరిక ఉంటుంది, చదువు.

ల్యాబులో బాక్టీరియా పెంచే మామూలు ప్లేట్ల మీద ఇది మొలవదు. బొగ్గుపొడి, ఈస్ట్ సారం కలిపిన నల్లటి ప్లేటు కావాలి. కొన్ని రోజులకు ఆ నలుపు మీద బూడిదరంగు చుక్కలు లేస్తాయి. లెన్సు కింద చూస్తే నలిగిన గాజులా మెరుస్తాయి. ఆస్పత్రుల్లో త్వరగా చేసే మూత్రపరీక్ష మాత్రం ప్రధానంగా లీజియోనెల్లా న్యుమోఫిలాలో ఒక రకాన్నే పడుతుంది. మట్టిలోది దానికి చిక్కదు. నెగటివ్ వచ్చిందని ఊరుకోకు, కఫాన్ని పీసీఆర్ పరీక్షకు పంపమను.

హెచ్‌ఐవీ సంగతి మన తెలుగు డాక్టరు దగ్గర దాచానన్నావు. నలుగురికీ పొక్కుతుందన్న నీ భయం నాకు తెలుసురా. కానీ రేపు నువ్వు దగ్గుతో వెళ్తే, ఆయన మామూలు దగ్గనుకుని అమాక్సిసిలిన్ రాస్తే? ఈ బాక్టీరియా మన రక్షణ కణాల లోపలే దూరి పెరుగుతుంది, ఆ మందు దీని మీద పనిచేయదు. అజిత్రోమైసిన్ లాంటివి కావాలి. క్లారిత్రోమైసిన్ రాస్తే కొన్ని హెచ్‌ఐవీ మందులతో పడదు, అందుకైనా చెప్పాలి. ఇటు హెచ్‌ఐవీ చెప్పి మట్టి సంగతి చెప్పకపోయినా, చూపు ముందు టీబీ, న్యుమోసిస్టిస్ మీదికే పోవచ్చు. రెండూ చెప్పు. ఆయన దగ్గర నోరు రాకపోతే మరో డాక్టరు దగ్గరికి వెళ్ళు.

నీ సీడీ4 కణాల లెక్క 500 దాటింది, వైరస్ కనిపించని స్థాయిలో ఉంది. 200 కంటే తక్కువ ఉన్నవాళ్ళకున్నంత ముప్పు నీకు లేదు. నాకు నీ సిగరెట్టంటేనే ఎక్కువ భయం. ఊపిరితిత్తుల్ని అది ముందే బలహీనం చేసి పెడుతుంది.

తోటపని మానమనను. గాలి ఆడేచోట, మొహం పక్కకు పెట్టి బస్తా కొయ్యి. మట్టిని కాస్త తడుపు, దుమ్ము లేవకూడదు. మాస్కు, గ్లౌజులు వేసుకో. చేతులు కడగకుండా ఏదీ తినకు, సిగరెట్టు ముట్టుకోకు. వేలాడే కుండీల నీళ్ళు కారేచోట కూర్చోకు.

జ్వరం, ఆయాసం వస్తే అదే రోజు ఆస్పత్రికి పో. డాక్టరు ఎదుట కూర్చున్నాక నాకు ఫోన్ కలుపు, మట్టి సంగతి, పీసీఆర్ సంగతి నేనే మాట్లాడతాను.

నీ నేస్తం