వార్డర్లతో ఆట

ఆగస్టు 11, 2024, ఆదివారం, నల్లగొండ

సాగర్ గేట్లు ఎత్తారని మా కాలనీ సగం అటే పోయింది. నేను ఇంట్లో కూర్చొని ‘ది లాంగెస్ట్ యార్డ్’ మళ్ళీ చూశాను. జైల్లో ఖైదీలకూ వార్డర్లకూ మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ ఆట కథ, 1974 ఆగస్టులో వచ్చిన సినిమా. ఈ నెలతో యాభై ఏళ్ళు. దర్శకుడు రాబర్ట్ ఆల్డ్రిచ్, హీరో బర్ట్ రెనాల్డ్స్. జార్జియా రాష్ట్రంలో నిజం జైల్లోనే తీశారు. అప్పటి గవర్నర్ జిమ్మీ కార్టర్ అనుమతి ఇచ్చాడు. కొంతమంది అసలు ఖైదీలు కూడా తెర మీద కనిపిస్తారు. రెనాల్డ్స్ కాలేజీలో ఈ ఆటే ఆడినవాడు, మోకాలు దెబ్బతిని మానేశాడు. బంతి పట్టుకొని వెనక్కి జరిగే తీరులోనే అది తెలుస్తుంది. నటనతో వచ్చే అడుగు కాదది.

రెనాల్డ్స్ వేసిన పాల్ క్రూ మంచివాడు కాడు. డబ్బు తిని పాయింట్లు వదిలేశాడని ఆటలోంచి గెంటేశారు. తనను పోషిస్తున్న ఆడమనిషి మీద చెయ్యి చేసుకొని, ఆమె కారు ఎత్తుకుపోయి, వెంటపడ్డ పోలీసులను తిప్పలు పెట్టి, చివరికి కారును నీళ్ళలోకి తోసేస్తాడు. ఇవన్నీ మొదట్లోనే చూపించి, తరువాత దాదాపు రెండు గంటల పాటు మనల్ని వాడి పక్షాన నిలబెట్టాడు ఆల్డ్రిచ్. హీరో నిర్దోషి అని తేల్చే సీను ఒక్కటి కూడా లేదు. మన సినిమాల్లో జైలుకు పోయిన హీరో దాదాపు ఎప్పుడూ అన్యాయంగానే పోతాడు. 1983 ‘ఖైదీ’లో సూర్యాన్ని మనం ప్రేమించింది అతనికి జరిగిన అన్యాయం కళ్ళారా చూశాక. క్రూకు ఆ ఆసరా కూడా లేదు.

లోపల ఖైదీలు వాణ్ణి అసహ్యించుకునేది దొంగ అని కాదు, ఆటను అమ్ముకున్నాడని. హత్యలు చేసినవాళ్ళు కూడా అది మాత్రం క్షమించరు. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఆటలు నేర్పినవాణ్ణి, నాకు ఇందులో నవ్వు రాలేదు. సర్వం పోగొట్టుకున్నవాడికి న్యాయం ఇంకా బతికున్న చోటు ఒకటి కావాలి. వాళ్ళకు అది ఆట.

ఆగస్టు 15, గురువారం

జెండా వందనం అయ్యాక హైస్కూలు గ్రౌండులో పోరగాళ్ళు కబడ్డి ఆడారు. వాన పడి మన్ను మెత్తగా ఉంది. తొమ్మిదో తరగతి పిల్లగాడు ఒకడు కూతకు పోయాడు. సన్నగా ఉంటాడు. ఎదురుగా వాడికంటే రెండింతలున్న పదో తరగతి వాడు. పిల్లగాడు ఎడమ కాలు ముందుకు చాపి, నడుము ఒక్కసారి తిప్పి, వేలి కొసతో వాడి మోచేతిని తాకి గీత దాటేశాడు. రేపు స్కూల్లో ఆ పెద్దవాణ్ణి ముట్టుకుంటే తన్నులు తింటాడు. ఇక్కడ పాయింటు వచ్చింది.

ఆ సినిమా కిటుకు ఇదే. ఖైదీ వార్డర్‌ను ముట్టుకోకూడదు. వార్డర్ ఖైదీని ఎలాగైనా ముట్టుకోవచ్చు, లాఠీతో కూడా. జైలు పెద్ద హేజెన్ తన వార్డర్ల జట్టుకు సాధన కోసం ఖైదీల జట్టు కట్టమంటాడు, ఆ ఆటలో రెండు వైపులా ఒకటే రూలు వస్తుందని ఆలోచించకుండా. క్రూ అదే బంతిని అదే వార్డర్‌కు రెండుసార్లు తగలరాని చోట విసిరితే మనం పగలబడి నవ్వుతాం కదా, ఆ నవ్వులో కసి ఉంది. ఏళ్ళ తరబడి దెబ్బ తింటున్నవాడి చేయి మొదటిసారి అవతలివాడికి తగిలింది. 2001లో ఇంగ్లండులో దీన్నే మామూలు ఫుట్‌బాల్‌తో తీశారు, 2005లో అమెరికాలోనే ఆడమ్ శాండ్లర్‌తో మళ్ళీ తీశారు. రెండింటిలోనూ జోకులు ఎక్కువ, ఈ కసి తక్కువ.

ఆగస్టు 17, శనివారం

పొద్దున మా మహబూబ్‌నగర్ తమ్ముడు ఫోను. సినిమా సంగతి చెబితే, “అన్నా, మన పండుగ సాయన్న కథనే గదా” అన్నాడు. పూర్తిగా కాదు. పాలమూరు పల్లెల్లో సాయన్న కథ చెప్పేవాళ్ళు దొంగతనాలను దాచరు. కానీ కొల్లగొట్టిన ఇల్లు ఎవరిదో, ఆ సొమ్ముతో ఎవరింట్లో పెళ్ళి జరిగిందో పక్కనే చెప్తారు. దోచింది పంచిపెట్టాడు కాబట్టి వాడు మనవాడు. క్రూ ఎవరికీ పైసా ఇచ్చినవాడు కాడు. అయినా మనవాడవుతాడు. అందుకే నాకు క్రూ ఎక్కువ కష్టమైన పాత్ర అనిపిస్తుంది.

మధ్యాహ్నం వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ పుస్తకం తీశాను. ఈ జిల్లా మనిషి, నకిరేకల్ దగ్గర పుట్టాడు, 1915లో. 1961లో పోయాడు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మినవాడు. నిజాం కాలంలో జైలుపాలయ్యాడు. రాజకీయ ఖైదీ తన త్యాగం గురించి రాసుకోవడం మామూలు. ఆయన తన పక్కన ఉన్న దొంగలను, ఖూనీ చేసినవాళ్ళను చూశాడు. వాళ్ళను కడిగి దేవుళ్ళను చెయ్యలేదు. ఆ నేరం దాకా ఎలా వచ్చారో ఓపికగా విన్నాడు. ఈ సినిమా కంటే ఎంతో ముందు తెలంగాణ జైల్లో ఒకరు ఈ పని చేశారంటే నాకు గర్వంగా ఉంటుంది. నల్లగొండ పిల్లలకు ఈ పుస్తకం పేరు తెలియకపోవడం బాధ.

ఆగస్టు 19, సోమవారం, రాఖీ

మందులకు పోయి వస్తూ జిల్లా జైలు ముందు ఆగాను. గేటు దగ్గర అక్కాచెల్లెళ్ళు నిలబడి ఉన్నారు. ఒకామె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రాఖీ, మిఠాయి డబ్బా. పండుగ చీర కట్టుకుంది. లోపలివాడు ఏం చేశాడో ఆమెకు తెలియకుండా ఉంటుందా?

ఆగస్టు 25, ఆదివారం

నా పాత విద్యార్థి ఒకడు, స్కూలు కబడ్డి జట్టులో పట్టుకు పేరున్నవాడు, ఇప్పుడు వేరే జిల్లాలో జైలు వార్డర్. సెలవు మీద వచ్చాడు. సినిమా చూపించాను. చివరి ఆట మొదలయ్యాక కుర్చీ అంచుకు వచ్చాడు.

“మీ దగ్గర ఆటలు ఉంటాయా బిడ్డా?”

“వాలీబాల్ ఆడుతరు సార్. కేరమ్ ఉంటది. మేం కలవం. కలిస్తే మరునాడు డ్యూటీ ఎట్ల చేస్తం?”

“మరి ఇప్పుడు నువ్వు ఎవరి దిక్కు?”

“ఖైదీల దిక్కే సార్,” అన్నాడు, వెంటనే.

ఓడిపోకపోతే హత్య కేసులో ఇరికిస్తానని హేజెన్ బెదిరించాక క్రూ లొంగిపోయి, దెబ్బ తగిలినట్టు నటించి బయట కూర్చుంటాడు. పక్కన పాప్ అనే ముసలాయన ఉంటాడు, ఎప్పుడో ఈ హేజెన్‌నే కొట్టి, దానికి ఇంకో ముప్పై ఏళ్ళు జైల్లో మగ్గినవాడు. ఆ దెబ్బకు ఆ శిక్ష గిట్టిందా అని క్రూ అడుగుతాడు. గిట్టిందనే అంటాడు ఆయన. క్రూ లేచి మైదానంలోకి పోతాడు. అక్కడ మావాడు ఒప్పుకోలేదు. “ముప్పై ఏండ్లంటే ఎంతో నేను చూస్తున్న సార్. ఆ మాట ఎవ్వరూ అనరు” అన్నాడు. రోజూ తాళం వేసేవాడి మాట, కొట్టిపారేయలేను. కానీ పాప్ చెప్పింది లెక్క కాదనుకుంటాను. క్రూ జీవితంలో డబ్బుకు అమ్మనిది ఏమీ లేదు. తన పనికి తానే వెల కట్టుకొని, ఆ వెల చెల్లించిన మనిషిని వాడు చూడటం అదే మొదటిసారి.

36–35తో ఖైదీలు గెలిచాక క్రూ ఒక్కడే మైదానం అవతలికి నడుస్తాడు. పారిపోతున్నాడు, కాల్చమంటాడు హేజెన్. వార్డర్ల కెప్టెన్ నావర్ తుపాకీ గురిపెట్టి కాల్చకుండా ఆగుతాడు. క్రూ వంగి బంతి తీసుకుంటాడు. మావాడు ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. హీరో గురించి ఏమీ అనలేదు. “ఆ కెప్టెన్ ఆర్డర్ వినలే సార్. ఆయన మీద తర్వాత ఏం యాక్షన్ తీసుకుంటరో సినిమాల చెప్పలే” అన్నాడు. తరువాత చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. పోయేటప్పుడు ‘జైలు లోపల’ ఇచ్చి పంపాను.