కాదు నాయనా, కాదు

సంగీతం నాకు తెలుసని ఎక్కడా చెప్పుకోలేదు గానీ, తెలీదని మాత్రం నలుగురిలో బయటపడనివ్వను. ఎక్కడ తల ఊపాలో పక్కవాళ్ళను చూసి ఊపేస్తాను. మనలో చాలామంది అంతే లెండి. ఆ పెద్దరికమే ఒకసారి నాచేత చేయకూడని పని చేయించింది.

2019 ఏప్రిల్‌లో మా మరిది బెంగుళూరు నుంచి ఫోన్ చేశాడు. "వదినా, చామరాజపేటలో రామనవమి కచేరీలు మొదలైనయ్. అమ్మను తీసుకొని రారాదూ!" అన్నాడు. ఎండాకాలం మా ధర్మపురిలో ఎట్లా ఉంటుందో, మధ్యాహ్నం పూట గోదావరి ఇసుకలో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బెంగుళూరు చల్లగా ఉంటుందన్న ఆశ ఒకటి, పెద్ద విద్వాంసుల్ని దగ్గరగా చూడొచ్చన్న ఆశ ఇంకొకటి. జగిత్యాల దాకా ఒక బస్సు, హైదరాబాదు దాకా మరో బస్సు, కాచిగూడలో రైలు. అత్తమ్మ సంచిలో సకినాలు, నువ్వుల లడ్డూలు, ఎందుకైనా మంచిదని ఒక సీసాడు గోదావరి నీళ్ళు.

మా అత్తమ్మకు అప్పటికి డెబ్బై ఆరేళ్ళు. ఆవిడ ఏ మాస్టారి దగ్గరా సంగీతం నేర్చుకోలేదు. అయితే నరసింహ శతకంలో సీసపద్యాలు ఎన్నంటే అన్ని నోటికి వచ్చు. ఆ శతకం రాసిన శేషప్ప కవి మా ఊరివాడే. ప్రతి పద్యం చివరా మకుటంలో మా ఊరి పేరు వస్తుంది. "మన ఇంటి అడ్రసు రాసి పెట్టిండు మహానుభావుడు" అంటుందావిడ. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు స్వామి కోనేట్లో తెప్ప మీద తిరిగి, నడుమ మంటపంలో ఉయ్యాల ఊగుతుంటే, మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళలో మొదటి గొంతు ఆవిడదే. "మీకు సంగీతం వచ్చునా?" అని ఎవరన్నా అడిగితే మాత్రం, "నాకేమొస్తది బిడ్డా, దేవుని పాటలొస్తయి" అంటుంది.

సరే, బెంగుళూరు చేరాం. ఎస్.వి. నారాయణస్వామి రావు గారు 1939లో మొదలుపెట్టిన శ్రీ రామసేవా మండలి వారి ఉత్సవం అది. మేము వెళ్ళిన ఏడు ఎనభై ఒకటోది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, మన బాలమురళీకృష్ణ పాడిన ఉత్సవం! ఏ పాలరాతి హాలో అనుకున్నాను. తీరా చూస్తే ఫోర్ట్ హైస్కూలు ఆవరణలో పెద్ద పందిరి, దాని కింద కుర్చీలు. అవతల సిటీ మార్కెట్టు రద్దీ. తంబురా శ్రుతికి ఆటోల హారన్లు తోడు. పానకం, కోసంబరి అంటే ఆ ఊరివాళ్ళకు ప్రాణం. కోసంబరి అంటే మరేం కాదు, మన వడపప్పే. కొబ్బరి, కొత్తిమీర వేసి తాలింపు పెడతారు. అత్తమ్మ తిని, "మనదే, కొంచెం షోకు చేసిండ్రు" అని తీర్పు చెప్పింది.

పాడే ఆయన మద్రాసు నుంచి వచ్చిన విద్వాంసుడు. వినేవాళ్ళు ఎక్కువగా కన్నడం వాళ్ళు. పాటలేమో సగానికి పైగా తెలుగు. తిరువైయ్యారులో కూర్చుని త్యాగయ్య తెలుగులో పాడుకోబట్టి, మన మాట తెలియని ఊళ్ళలో కూడా మన మాట మోగుతున్నది. నేను గర్వంగా వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. రాగాలాపన మొదలవగానే అత్తమ్మకు కునుకు పట్టింది. పట్టనీ అనుకున్నాను.

ఆయన కల్యాణి రాగం ఎత్తుకొని "నిధి చాల సుఖమా" అందుకున్నాడు. తంజావూరు రాజు పంపిన కానుకల్ని కాదని త్యాగయ్య పాడాడని చెప్పుకుంటారే, ఆ కీర్తన. పాటంతా ప్రశ్నలే. డబ్బు సుఖమా, రాముడి సేవ సుఖమా అని తన మనసునే నిలదీస్తాడు. విద్వాంసుడు ఒక పాదం పట్టుకుని నెరవల్ చేస్తున్నాడు. అదే ప్రశ్న పైస్థాయిలో ఒకసారి, కింది స్థాయిలో ఒకసారి, బతిమాలినట్టు ఒకసారి, గద్దించినట్టు ఒకసారి.

అత్తమ్మ ఎప్పుడు మేలుకున్నదో నేను చూడలేదు. ఆయన పదోసారి అడిగి ఆపాడో లేదో, "కాదు నాయనా, కాదు!" అన్నది గట్టిగా.

ముందు రెండు వరసల వాళ్ళు వెనక్కి తిరిగారు. ఎవరో "ష్" అన్నారు. నా ముఖం మాడిపోయింది. అత్తమ్మ చెయ్యి గట్టిగా నొక్కి, "ఊరుకోండి అత్తమ్మా, అందరూ చూస్తున్నరు" అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగు భుజం నిండా కప్పుకుంది. మరో రెండు నిమిషాలకు ముందు వరసలో పట్టు కండువా పెద్దమనిషి "భేష్, భేష్!" అన్నాడు. ఆయన వైపు ఎవరూ తిరిగి చూడలేదు.

తనియావర్తనం నడుస్తుండగా, మా పక్కన కూర్చున్న కన్నడం ఆవిడ అత్తమ్మ వైపు వంగింది. కన్నడం కలిసిన తెలుగులో, "అమ్మా, ఇందాక కాదు అన్నారు కదా, ఆయన ఏమన్నా అడుగుతున్నారా? ముప్పై ఏళ్ళుగా ఈ పాట వింటున్నాను. ఇది ప్రశ్న అని నాకు తెలీదు. కాస్త చెప్పరా?" అని అడిగింది.

అత్తమ్మ నా వైపు ఒకసారి చూసి, "నాకేం ఎరుక తల్లీ!" అన్నది.

ఆ పందిట్లో ఆ పాటకు జవాబిచ్చిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆవిడ నోటనే "నాకేం ఎరుక" అనిపించాను నేను. నోరు మూయించబడిన ఆడవాళ్ళ మీద నవలలు రాసే నేను! ఆ కన్నడం ఆవిడకు అర్థం నేనే చెప్పాను. బాగానే చెప్పాను. కానీ బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పినట్టు ఉంది తప్ప, ఆ "కాదు నాయనా"లో ఉన్న తడి నా మాటల్లో లేదు.

ఇంకా మూడు రోజులు కచేరీలకు వెళ్ళాం. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుంది. మరిది మాత్రం, "అమ్మ ఎంత బుద్ధిగా విన్నది!" అని మురిసిపోయాడు.

మరుసటి ఫాల్గుణంలో మా ఊళ్ళో బ్రహ్మోత్సవాలు వచ్చాయి. శేషప్ప కళావేదిక మీద హరికథ, ప్రహ్లాద చరిత్ర. నరసింహస్వామి ఊళ్ళో మరో కథ ఎవరికి కావాలి? హరిదాసు గారు గజ్జె ఘల్లుమనిపించి, హిరణ్యకశిపుడై మా మీదికి ఉరిమి చూస్తూ, "ఈ స్తంభంలో ఉన్నాడా మీ హరి?" అని ఆపాడు. అక్కడ జనం జవాబు చెప్పాలి. చెప్పకపోతే కథ ముందుకు సాగదు. మా దగ్గర అదే మర్యాద. ఏటా మొదట వినబడే "ఉన్నడు!" మా అత్తమ్మదే.

ఆ రోజు ఆవిడ పెదవులు కదిలినయి గానీ మాట రాలేదు. ముందు నా ముఖం వైపు చూసింది. అనొచ్చునా అన్నట్టు.

నా గొంతులో ఏదో అడ్డం పడ్డది. నలుగురిలో నోరెత్తి ఎరగని నేను, "ఉన్నాడు!" అన్నాను. అన్నాననే అనుకున్నాను. సగం లోపలే ఉండిపోయింది.

అత్తమ్మ నా మోకాలు తట్టి నవ్వింది. "అంత మెల్లగ అంటె ఆయనకు ఏం వినబడ్తది బిడ్డా!" అని, తానే గొంతెత్తింది.