సార్‌కి ఫోన్ ఇవ్వండి మేడమ్

నేను పాత కారు కొని మూడేళ్ళయింది. పదేళ్ళు నడిచిన చిన్న పెట్రోలు బండి. ఇల్లు బెజవాడలో, ఉద్యోగం గుడివాడ కాలేజీలో. రోజూ బస్సుల కోసం నిలబడలేక యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. పి.ఎఫ్.లోంచి కొంత తీసి బండి కొన్నాను. డబ్బు నాది, లైసెన్సు నాది, ఆర్.సి. మీద పేరు నాది. అయినా మొదటి ఆరు నెలలూ ఆ బండికి జబ్బు చేసినప్పుడల్లా దాని గురించి మాట్లాడే అర్హత మాత్రం నాకు దొరకలేదు.

జబ్బు సోమవారాలు వచ్చేది. శనాదివారాలు ఇంటిముందు నిలబెట్టిన బండి సోమవారం పొద్దున్న తాళం తిప్పితే టిక్కు టిక్కుమనేది. డాష్‌బోర్డు మీది దీపాలు మసకబారేవి. సెల్ఫ్ అందుకునేది కాదు. పక్కింటి కుర్రాళ్ళు వచ్చి తోస్తే కదిలేది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఏ పేచీ ఉండేది కాదు.

మొదట వెళ్ళిన షెడ్డులో బ్యాటరీ పోయిందన్నారు. దాదాపు నాలుగు వేలు పెట్టి కొత్తది వేయించాను. రెండు వారాలు తిరక్కుండా మళ్ళీ అదే టిక్కు టిక్కు. ఈసారి, "డైనమో చార్జింగ్ ఇవ్వట్లేదు మేడమ్, మార్చాలి. ఒకసారి సార్‌కి ఫోన్ ఇవ్వండి, నేను చెప్తాను" అన్నాడు.

సార్‌కి డ్రైవింగ్ రాదు. నా సహచరుడు కామర్స్ చెబుతారు. బానెట్ ఏ పక్కనుంచి తెరుచుకుంటుందో కూడా ఆయనకి తెలియదు. ఆ సంగతి దాచుకునే మనిషి కూడా కాదు. ఆ మెకానిక్ ఆయనతో పది నిమిషాలు మాట్లాడాడు. పక్కనే నిలబడి నేను వింటున్నాను. సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన, "ఏదో డైనమో అంటున్నాడు. ఏడు వేలట. ఏం చేద్దామంటావ్?" అని నన్నే అడిగారు. నా బండి గురించిన సమాచారం నా పక్కనుంచి బయల్దేరి, ఊరంతా తిరిగి, నా దగ్గరికి వచ్చేసరికి అందులో ధర ఒక్కటే మిగిలింది.

మర్నాడు వెళ్ళి, "డైనమో పోయిందని ఎలా తెలిసింది?" అని అడిగాను. అతను నవ్వి, "అనుభవం మేడమ్" అన్నాడు. అనుభవాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. పదేళ్ళ వయసులో పానా పట్టుకుని నేర్చుకున్న విద్య అది. కానీ ఎలా తెలిసిందో ఎదుటి మనిషికి చెప్పక్కర్లేదనుకున్న చోట అనుభవం అధికారంగా మారుతుంది. మనం సాహిత్య విమర్శలో ఇన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న ఇదే కదా: తీర్పు చెప్పేవారు ఆధారం ఎందుకు చూపించరు? సాహిత్యంలో అడగడం నేర్చుకున్న ప్రశ్నని నేను షెడ్డులో అడిగాను. అక్కడ అది వింతగా వినిపించింది.

కాలేజీలో ఈ సంగతి చెబితే ఫిజిక్స్ చెప్పే మా సహోద్యోగిని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేబ్‌లోంచి ఒక మల్టీమీటర్ తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇరవై రెండేళ్ళుగా ఓమ్ సూత్రం చెబుతున్నానండీ. ఈ మీటరుతో ఎన్ని వందల మంది పిల్లల చేత రీడింగులు తీయించానో! మా ఇంట్లోనూ కారుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దాని బ్యాటరీ మీద ఈ మీటరు పెట్టాలని నాకు తోచలేదు. ఎందుకు తోచలేదంటారు?" అంది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తెలియకపోవడం వేరు, తెలిసిన విద్యని ఒక గుమ్మం దాటి తీసుకెళ్ళకపోవడం వేరు. సింథియా కాక్‌బర్న్ 1985లో వచ్చిన 'మెషినరీ ఆఫ్ డామినెన్స్' పుస్తకంలో కొత్త యంత్రాలు వచ్చిన పనిచోట్లని పరిశీలించింది. యంత్రాన్ని నడిపే పని స్త్రీలకి వచ్చింది, దాన్ని విప్పి బాగుచేసే పని పురుషుల దగ్గరే ఉండిపోయింది అంటుందామె. మీట నొక్కవచ్చు, మూత తీయకూడదు. అలాగని మన స్త్రీలు ఏ మూతా తీయలేదా? మా అమ్మ కుట్టుమిషను మొత్తం విప్పి, నూనె వేసి, షటిల్ కింద చిక్కుకున్న దారపు పీచు లాగి, దారం బిగువు సరిచేసి మళ్ళీ బిగించేది. మా వీధిలో పది మిషన్లకి ఆమే వైద్యురాలు. ఆమెని మెకానిక్ అని ఎవరూ అనలేదు. కుట్టుపనిలో అది కూడా ఒక భాగమనుకున్నారు. ఆడవాళ్ళు విప్పిన యంత్రం యంత్రాల లెక్కలోకి రాలేదు.

కారు చరిత్రలోనూ ఇలాంటిదే జరిగింది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి నూరు కిలోమీటర్లకి పైగా కారు నడిపింది. అంత దూరం కారులో ప్రయాణించడం అదే మొదటిసారి. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి శుభ్రం చేసిందనీ, ఇగ్నిషన్ వైరు మీద తొడుగు పాడైతే మేజోళ్ళు జారకుండా కట్టుకునే పట్టీని దానికి చుట్టిందనీ చెబుతారు. అంటే కారు చేసిన మొదటి దూరప్రయాణంలోనే కరెంటు లోపం వచ్చింది, దాన్ని సరిచేసింది ఒక స్త్రీ. మరో పాతికేళ్ళకి, 1912 నాటికి, చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్ కార్లలోకి వచ్చింది. చేత్తో హ్యాండిల్ తిప్పి ఇంజను లేపే బాధ అందరికీ తప్పింది. ఆ హ్యాండిల్ వెనక్కి తన్నితే మణికట్లు విరిగేది మగవాళ్ళకి కూడా. కానీ ప్రకటనల్లో మాత్రం అది ఆడవాళ్ళ కోసం చేసిన సదుపాయమైంది. మీట నొక్కితే చాలు, లోపల ఏముందో మీకెందుకు అన్న మాట అప్పట్నుంచీ మన చెవిలో ఉంది.

ఇక నా బండి సంగతి. ఒక ఆదివారం మేమిద్దరం బానెట్ ఎత్తాం. ముందుగా ఆవిడ నా చేతి గాజులు, ఉంగరం, మెడలో గొలుసు తీయించింది. పన్నెండు వోల్టుల బ్యాటరీ మనిషికి షాకు కొట్టదు. కానీ బంగారు గాజు ప్లస్ టెర్మినల్‌కీ బాడీకీ మధ్య పడితే అందులోంచి వందల ఆంపియర్లు పారి, క్షణంలో ఎర్రగా కాలి చెయ్యి కాలుస్తుంది. ఏ డ్రైవింగ్ స్కూలులోనూ నాకీ మాట చెప్పలేదు. బానెట్ ఎత్తే చేతికి గాజులుంటాయని వాళ్ళు ఊహించి ఉండరు.

రాత్రంతా చార్జింగ్ పెట్టించి, కొంతసేపు కదిలించకుండా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. అంటే నిండుగా ఉంది. ఇంజను నడుస్తుండగా కొలిస్తే 14.1 వచ్చింది. చార్జింగ్ అవుతున్న బండిలో పదమూడున్నరకీ పద్నాలుగున్నరకీ మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసినా 13.8 నిలబడింది. డైనమో శుభ్రంగా పనిచేస్తోందన్నమాట. ఏడు వేలు అక్కడే మిగిలాయి.

బ్యాటరీ బాగుంది, చార్జింగ్ బాగుంది, అయినా సోమవారానికి ఖాళీ అవుతోంది. ఆపి ఉంచిన బండిలో ఏదో కరెంటు తాగుతోంది. అదేమిటో చూడాలంటే మైనస్ తీగ ఊడదీసి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య మీటరుని ఆంపియర్ల మీద పెట్టి కలపాలి. ఎప్పుడూ మైనస్ ముందు ఊడదీయాలి, చివర్న బిగించాలి. అలా అయితే ప్లస్ విప్పేటప్పుడు పానా బాడీకి తగిలినా షార్టు అవదు. మీటరు అలా ఉండగా తాళం తిప్పకూడదు. సెల్ఫ్ మోటారు లాగే కరెంటుకి మీటరు తట్టుకోలేదు. తలుపులన్నీ వేసి ఇరవై నిమిషాలు ఆగాం. గడియారానికీ, కంప్యూటర్ జ్ఞాపకానికీ బండి కొద్దిగా కరెంటు తీసుకుంటుంది. అది 0.05 ఆంపియర్లకి మించకూడదు. మా మీటరు 0.38 చూపించింది.

కాగితం మీద లెక్క వేశాం. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటికి అరవై గంటలు. 0.38ని అరవైతో హెచ్చవేస్తే దాదాపు 23. నా బ్యాటరీ సామర్థ్యం 35 ఆంపియర్ గంటలు. మూడింట రెండొంతులు పోతోంది. మిగతా రోజుల్లో ఒక్క రాత్రికి పోయేది రెండు మూడు గంటల ప్రయాణంలో చాలావరకు నిండిపోతుంది. జబ్బు సోమవారమే ఎందుకు వస్తోందో ఆ గుణకారంతో తేలిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం మొదటి కథ అచ్చయినప్పటి సంతోషం కంటే తక్కువ కాదు.

తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి మీటరు చూస్తూ పోయాం. నాలుగోది తీయగానే 0.03కి పడిపోయింది. రేడియోకీ లోపలి దీపాలకీ వెళ్ళే దారి అది. మూత వెనకున్న పటం ప్రకారం అక్కడ ఎర్రది, పది ఆంపియర్లది ఉండాలి. ఉన్నది పసుపుపచ్చది, ఇరవైది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే ఎక్కడో తప్పు జరుగుతోందని అది చెబుతోందన్నమాట. వినడం ఇష్టం లేనివాళ్ళు దాని స్థానంలో పెద్దది వేస్తారు. అప్పుడు ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది.

ఆ వైరు పట్టుకుని వెళ్తే డ్రైవరు సీటు కింద చిన్న యాంప్లిఫయర్ దొరికింది. పాత యజమాని పాటల కోసం పెట్టించుకున్నది. తాళం తీస్తే ఆగిపోవలసిన దాని వైరుని, ఎప్పుడూ కరెంటుండే వైరుకి మెలిపెట్టి టేపు చుట్టేశారు. రాత్రీ పగలూ అది మేలుకునే ఉంది. ఎవరి సరదా కోసమో పెట్టినదాన్ని ఆరు నెలలుగా నా బ్యాటరీ మోస్తోంది.

దాన్ని విప్పించడానికి ఆటోనగర్‌లో కరెంటు పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. అంకెలు రాసుకున్న కాగితం చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇవన్నీ ఎవరు చూశారమ్మా?" అన్నాడు. నేనే అన్నాను. ఆ తర్వాత ఆయన సార్ ఊసెత్తలేదు. కుడి హెడ్‌లైటు ఎందుకు మసగ్గా ఉందో నన్నే మీటరు పెట్టి చూడమన్నాడు. లైటు వెలుగుతుండగా దాని ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 1.4 వోల్టులుంది. అక్కడ దాదాపు ఏమీ ఉండకూడదట. బాడీకి బిగించిన బోల్టు దగ్గర తుప్పు. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే 0.1కి దిగింది, లైటు తెల్లగా వెలిగింది. "బల్బు మార్చి మార్చి చాలామంది డబ్బు తగలేస్తారమ్మా. లోపం లైటులో కనపడుద్ది గానీ లైటులో ఉండదు" అన్నాడాయన. అనుభవమంటే నాకు అప్పుడు గౌరవం పెరిగింది. అది మీటరుకి భయపడలేదు, నాకు చెప్పడానికి సంకోచించలేదు.

ఇందులో గొప్పేముంది, మిగిలింది ఏడు వేలేగా అనవచ్చు. కానీ సాయంత్రం చీకటి పడ్డాక కంకిపాడు దాటిన రోడ్డు మీద బండి ఆగిపోతే ఆడదానికి ఏమవుతుందోనన్న భయం మా ఇంట్లో అందరికీ ఉంది. "పోనీ బస్సులో వెళ్ళరాదూ" అని మా ఆడపడుచు ప్రతి పండక్కీ అంటుంది. బండి నమ్మకంగా లేకపోతే మొదట రద్దయ్యేది నా సాయంత్రం సభలు, నా స్నేహితుల ఇళ్ళు, నా ఆలస్యాలు. ఆడవాళ్ళ కదలిక మీద ఆంక్షలన్నీ ఆజ్ఞల రూపంలోనే రావు. కొన్ని ఎవరూ వెతకని ఒక కరెంటు లోపం రూపంలో వస్తాయి.

ఇప్పుడు మా కాలేజీలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో ఒక రోజు నా కారుది. ఆడపిల్లలు గాజులు తీసి చున్నీలు నడుముకి బిగించి బానెట్ చుట్టూ చేరతారు. మొదట్లో మగపిల్లలు ముందుకి తోసుకొచ్చి మీటరు అందుకునేవారు, అమ్మాయిలు సెల్‌ఫోన్ లైటు పట్టుకునేవారు. మా సహోద్యోగిని ఇప్పుడు లైటు పట్టుకునే పని అబ్బాయిలకి ఇస్తోంది.

మిత్రుల్లో కార్లున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మామూలు మల్టీమీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మరమ్మతంతా మనమే చేసుకోవాలని నేననను. పని తెలిసినవాళ్ళకి పని ఇవ్వాల్సిందే. కానీ షెడ్డుకి వెళ్ళేముందు, ఇంజను ఆపి ఉండగా ఒకసారి, నడుస్తుండగా ఒకసారి బ్యాటరీని కొలవండి. రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే, సార్‌కి ఫోన్ ఇవ్వండి మేడమ్ అన్నవాళ్ళకి ఫోను బదులు కాగితం ఇవ్వవచ్చు.