కాళాస్త్రికి బస్సుంది గదా!

తిరుమల మెట్లెక్కడానికి నేను వెళ్ళింది ఎత్తు కోసం. ఇంట్లో మాత్రం దర్శనానికనే చెప్పాను, అదీ అబద్ధం కాదు. మా విశాఖలో నేవీ మారథాన్ 2014లో మొదలైంది. ఆ ఊపులో మా వయసువాళ్ళం చాలామందిమి షుగరు మాత్రలతో పాటు రన్నింగ్ షూలు కూడా కొనుక్కున్నాం. బీచ్ రోడ్డు కదా, చదునుగా ఉంటుందని పై ఊళ్ళ వాళ్ళు ధీమాగా వస్తారు. తెన్నేటి పార్కు దాటి రుషికొండ వైపు పోయేటప్పుడు ఆ రోడ్డు ఎక్కుతూ దిగుతూ ఎంత సతాయిస్తుందో, దానికి తోడు సముద్రపు ఉక్క మనిషిని ఎలా పిండేస్తుందో నాలాంటి హాఫ్ మారథాన్ వాళ్ళని అడగాలి. ఎక్కుడు రాగానే తొడలు మొరాయిస్తున్నాయని మా బ్యాచ్‌లో ఒకాయన దగ్గర గోల పెడితే, "ఓసారి అలిపిరి ఎక్కి రండి మాస్టారూ, మళ్ళీ రుషికొండ ఊసెత్తరు" అన్నాడు.

మధ్యాహ్నం తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి తిరుపతి. అలిపిరి పాదాల మండపం దగ్గర అప్పటికే కర్పూరం పొగ కమ్ముకుని ఉంది. శ్రీవారి పాదుకలు నెత్తిన పెట్టుకుని జనం ప్రదక్షిణలు చేస్తున్నారు. పక్కన కొబ్బరికాయల చప్పుడు ఆగటం లేదు. సామాను కౌంటర్లో సంచి ఇచ్చేస్తే డబ్బు తీసుకోకుండా కొండమీదికి చేరుస్తారు. దాంతోపాటే షూలూ ఇచ్చేశాను. వేలు పోసి కొన్న షూలవి, వాటికోసమే సాధన చేద్దామని వచ్చినవాణ్ణి. కానీ అటూ ఇటూ అందరూ వట్టి కాళ్ళతో నడుస్తుంటే ఆ పసుపుపచ్చటి షూలతో నేనొక్కణ్ణే పెళ్ళికి హెల్మెట్ పెట్టుకొచ్చినవాడిలా కనబడతానేమో అనిపించింది.

దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, మెట్లు 3550. కష్టం చాలావరకు మొదట్లోనే. గాలి గోపురం దాకా రెండు వేల పైచిలుకు మెట్లు ఎదురుగా నిలువునా లేచి ఉంటాయి. నేను చిన్నగా పరుగు అందుకున్నాను. తలయేరు గుండు దాటేసరికే ఊపిరి నోటితో తీసుకుంటున్నాను. ఆ బండకు తలా మోకాళ్ళూ ఆనిస్తే నొప్పులు పోతాయని నమ్మకం. జనం మోకాళ్ళు ఆనించీ ఆనించీ రాయి నున్నగా గుంటలు పడి ఉంది. నేనూ ఆనించాను. ఫిజియోథెరపిస్టుకు ఇచ్చే ఫీజుతో పోలిస్తే ఇది ఉచితం.

నన్ను దాటుకుంటూ నలుగురు తిరుపతి కుర్రాళ్ళు లేళ్ళలా పోయారు. ఒకడు వెనక్కి తిరిగి, "సార్, నేరుగా ఎక్కొద్దు, అడ్డంగా పోండి. ఈ కొసనుంచి ఆ కొసకి" అన్నాడు. కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతున్నారట. పదహారు వందల మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తాలి గదా, ఈ మెట్లెక్కితే గ్రౌండులో కాళ్ళు తేలిగ్గా ఆడతాయని వాడి సిద్ధాంతం. వాడి మాట విని మెట్టుకు అడ్డంగా, వంకరటింకరగా ఎక్కాను. నిజంగానే పిక్కల మీద భారం తగ్గింది. కోచింగుకు డబ్బు కట్టినప్పుడు ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

పదిహేను వందల మెట్లు దాటాక ఆమె కనపడింది.

అరవై అయిదు, డెబ్భై మధ్య ఉంటుంది. చిలకాకుపచ్చ నేతచీర, కొంగు నడుముకి బిగించి ఉంది. ఎడమ చేతిలో స్టీలు గిన్నె, గిన్నెలో తడి పసుపు. కుంకుమ పొట్లం కోడలి చేతిలో. ముసలామె వంగి, కుడి చేతి మూడు వేళ్ళు పసుపులో ముంచి, మెట్టు నిలువుముఖాన మూడు గీతలు తీసి, కోడలు అందించిన కుంకుమతో వాటిమీద బొట్టు పెట్టి, అదే చేత్తో మెట్టును తాకి కళ్ళకద్దుకుని, నడుం మీద చెయ్యేసి లేస్తుంది. కుడికాలు పైమెట్టు మీద పెడుతుంది. మళ్ళీ వంగుతుంది. ఒక్కో మెట్టుకీ అంతే. వేళ్ళ కొసలు మెత్తబడి, ముడతలు పడి, పసుపు మణికట్టు దాకా పాకింది. ఆమెకంటే ముందు ఎవరో పెట్టి వెళ్ళిన బొట్లు అదే మెట్టుమీద ఉన్నా వాటి పక్కనే తన బొట్టు పెడుతోంది. మెట్ల పూజ చేసేవాళ్ళను అంతకుముందు చూడకపోలేదు గానీ పక్కన నిలబడి చూడటం ఇదే.

మారథాన్ పరిగెత్తేవాళ్ళకు లెక్కల పిచ్చి. మూడువేల ఐదు వందల యాభై సార్లు వంగి లేవటం అని మనసులో లెక్కేసుకున్నాను. మా బ్యాచ్‌లో వంద స్క్వాట్లు తీస్తే ఫొటో పెట్టుకుంటాం.

నేను ఆగి ఆయాసపడుతుంటే ఆమే పలకరించింది. "ఎందుకు నాయనా అట్ల రొప్పతా ఉండావు? స్వామి ఆడే ఉంటాడు గదా, యాడికీ పోడు."

పుంగనూరు దగ్గర పల్లెటూరట. మొక్కు దేనికని అడిగితే నవ్వింది. "చెప్తే అది మొక్కెట్లయితాది?" మోకాళ్ళు నొప్పెట్టవా అన్నాను. "ఎందుకు పెట్టవు? ఇంట్లో కూచున్నా పెడతాయి. ఈడ పెడితే కొంచెం పున్నెమన్నా వస్తాది." తర్వాత నా చేతి గడియారం వంక చూసి, నేను ఎందుకొచ్చానో ఆరా తీసింది. పరుగు పందెం కోసమన్నాను. ఎంత దూరమంది. నేను పరిగెత్తేది సగమే అయినా పూర్తి దూరం చెప్పాను, నలభై రెండు కిలోమీటర్ల చిల్లర. ఆమెకు అర్థం కావాలని, "ఇక్కణ్ణుంచి బయల్దేరితే కాళహస్తి దాటి పోవాలమ్మా" అన్నాను.

"కాళాస్త్రికి బస్సుంది గదా నాయనా!"

కోడలు కుంకుమ పొట్లంతో మొహం కప్పుకుని నవ్వింది. నేను పరువు దక్కించుకోవడానికి చివర్లో మెడల్ ఇస్తారని చెప్పాను. బంగారమా అంది. కాదు, మామూలు లోహమే. డబ్బులేమన్నా ఇస్తారా అంది. లేదమ్మా, మేమే ఫీజు కట్టాలి. ఆమె మెట్టు మీదే కూలబడింది. "ఇంటివా మే? ఈయన దుడ్లు గూడా కట్టి ఉరికి వస్తాడంట!" నేను ఇంకా తెలివికి పోయి, అమెరికాలో న్యూయార్కు అనే ఊళ్ళో పెద్ద మేడ ఉంది, 1978 నుంచి ఏటా ఆ మేడ ఎక్కే పందెం పెడతారు, ఎనభై ఆరు అంతస్తులు, 1576 మెట్లు అని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ సంగతి చెప్పుకొచ్చాను.

"పైన ఏముండాది?"

ఏముంటుంది, ఊరు కనిపిస్తుంది అన్నాను. ఆమె గిన్నె తీసుకుని మళ్ళీ వంగింది.

నలభై రెండు కిలోమీటర్ల చిల్లర అన్నానే, ఆ చిల్లర సంగతి ఆమెకు చెప్పి ఉంటే ఇంకా నవ్వేది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూచునే చోటి ముందు ముగిసేలా దారి వేశారు. ఆ దూరమే 42.195 కిలోమీటర్లు. 1921లో దాన్నే ఖాయం చేశారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ మారథాన్ పెట్టినా ఆ రాజుల కుర్చీల కొలతే.

గాలి గోపురం దాకా వాళ్ళతోనే నడిచాను, అంటే వాళ్ళు బొట్టు పెట్టే వేగంతో. గడియారంలో పేస్ చూస్తే అది ఆగిపోయాననుకుని తనంతట తనే పాజ్ అయింది. ఆ నడకలో తెలిసొచ్చిన సంగతేమిటంటే, మెట్టుమెట్టుకీ ఆగితే కాళ్ళకి అలుపు రాదు, నడుముకి వస్తుంది. కోడలు మధ్యమధ్యలో "అత్తా, కూచుందువురా" అంటోంది. అత్త వినటం లేదు. దారి పొడుగునా వెనకనుంచి ఎవరో "గోవిందా" అనటం, పైనుంచి ఇంకెవరో అందుకోవటం. విశాఖలో రోడ్డు పక్క నిలబడి చప్పట్లు కొట్టే వాలంటీర్లంటే నాకు అభిమానమే గానీ వాళ్ళు కొట్టేది మనకోసం. ఈ కేక ఎవరికోసం వేస్తున్నారో వాళ్ళు పైన ఉన్నారు, మధ్యలో మనం వాడుకుంటాం.

గోపురం దగ్గర ఉప్పూకారం జల్లిన మామిడికాయ ముక్కలు తిని, మజ్జిగ తాగి, వాళ్ళ దగ్గర సెలవు తీసుకున్నాను. ముసలామె నా చేతిలో చెనక్కాయలు పోసింది. ఉడకబెట్టినవి, ఉప్పు బాగా పట్టినవి. పందెంలో ఇచ్చే నారింజ తొనలకన్నా, ఆ జిగురు జెల్ ప్యాకెట్లకన్నా నా ఓటు వీటికే.

అక్కణ్ణుంచి దారి చదును. పరిగెత్తుదాం అనుకుంటే సెక్యూరిటీ కుర్రాడు ఆపాడు. "ఒంటరిగా పోగూడదు సార్, గుంపుతో పోండి." 2023 ఆగస్టులో ఈ దారిలోనే చిరుత ఒక పసిపిల్లను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే భక్తులకు చేతికర్రలివ్వటం, గుంపులుగా పంపటం, మధ్యాహ్నం రెండు దాటితే పిల్లలను రానివ్వకపోవటం. చేతికర్రల మీద పేపర్లలో బోలెడు వెటకారం నడిచింది. నాకు మాత్రం ఆ అడవి అంచున నిలబడి చూస్తే వెటకారం రాలేదు. జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి నిలువెత్తు విగ్రహం, అన్నీ గుంపు వేగంతోనే చూశాను. గుంపులో ఉన్న తమిళ కుటుంబం పెరటాసి శనివారాలకు ఏటా వస్తారట. వాళ్ళ తాతగారు నా గడియారం మీద చెయ్యేసి "హార్ట్ ఎంత?" అని అడిగాడు. చెప్పాను. తన నాడి తనే పట్టుకుని చూసుకుని తృప్తిగా తలాడించాడు.

మోకాళ్ళ పర్వతం గురించి విన్నదంతా నిజం. అప్పటిదాకా వచ్చిన మెట్లు మర్యాదస్తులు. ఇవి ఎత్తు, నిలువు. కొందరు చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకుతున్నారు. ఒకతను మోకాళ్ళకు తువ్వాళ్ళు చుట్టుకున్నాడు. కొండంతా సాలగ్రామమని, కాలు మోపకూడదని రామానుజులవారు మోకాళ్ళమీద ఎక్కారని చెబుతారు. తాళ్ళపాక నుంచి కుర్రతనంలో వచ్చిన అన్నమయ్య చెప్పులతోనే ఎక్కబోయి ఇక్కడే సొమ్మసిల్లితే, అలమేలుమంగమ్మ కనిపించి చెప్పులు విడవమన్నదని ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఉంది. ఆ కథ తలచుకున్నప్పుడు నాకు పక్కనే అబెబె బికిలా కూడా గుర్తొచ్చాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టి కాళ్ళతో మారథాన్ గెలిచిన ఇథియోపియా సైనికుడు. షూ కంపెనీలు వినకూడని కథలు ఇవి రెండూ.

ఇక్కడ పరుగూ లేదు, నడకా లేదు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఈడ్చుకుంటూ ఎక్కాను. రుషికొండ ఎక్కుడు దగ్గర తొడ ముందు భాగం మండుతుంది. ఇక్కడ తొడ వెనక, పిర్ర, నడుం కింది ఎముక దాకా అన్నీ కలిసి దావా వేశాయి.

ఊపిరి తీసుకోవటానికి కూలబడ్డ చోట ఒక పెద్దాయన డోలీల సంగతి ఎత్తాడు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా కొండకు ఎవరైనా ఎక్కాల్సింది కాళ్ళతోనే, లేదా మనుషుల భుజాలమీద డోలీలో. రెండో ఘాట్ రోడ్డు 1974లో వచ్చింది. అంతకుముందు శతాబ్దాల తరబడి రాజులూ, జమీందార్లూ, కదలలేని ముసలివాళ్ళూ ఎవరి భుజాలమీద ఎక్కారో వాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ చదివిన గుర్తు లేదు. మా బ్యాచ్‌లో హిల్ రిపీట్స్ అని ఒక కసరత్తు ఉంది, ఎక్కుడు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కటం. బరువు మోస్తూ, జీవితాంతం, కూలికి అది చేసినవాళ్ళు ఈ మెట్లమీద నడిచారు. వాళ్ళకు బిబ్ నంబర్లు లేవు.

దర్శనం అయింది. కంపార్టుమెంట్లో గడిపిన గంటల గురించి రాయను, తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో మాత్రం తీరిగ్గా కూచున్నాను. 1985లో ఎన్టీఆర్ ప్రారంభించిన అన్నదానం ఇది. భవనానికి పేరిచ్చిన వెంగమాంబ ఉమ్మడి చిత్తూరు జిల్లా తరిగొండ ఆడపడుచు, రెండు వందల ఏళ్ళ కిందటి కవయిత్రి. ఆకులో చక్కెర పొంగలి, పచ్చడి, ఈమధ్య చేర్చిన వడ, ఆపైన అన్నం, సాంబారు, రసం, మజ్జిగ. పందేనికి ముందు రోజు అన్నం బాగా పట్టించాలని మా కోచ్ చెప్పే పాఠం ఇక్కడ పందెం అయ్యాక అమలు చేశాను. సాంబారు పరవాలేదు. రసం మాత్రం రెండోసారి, మూడోసారి పోయించుకున్నాను. వడ్డించే ఆయన గంటెతో ఆగి, నా మొహం చూసి, అడక్కుండానే నాలుగోసారి పోశాడు.

దిగేటప్పుడు బస్సే ఎక్కాను. ఎక్కటం ఊపిరికి కష్టం, దిగటం కండరాలకు హాని. కండ సాగుతూ బరువు మోయాలి గదా, ఆ నొప్పి మర్నాడూ ఎల్లుండీ ముదురుతుంది. బస్సులో కూచున్న తిరుపతి ఆసామి ఒకాయన నా కుంటుడు చూసి, అలిపిరి ఎక్కారా అన్నాడు. గొప్పగా తలూపాను.

"అయితే ఈసారి శ్రీవారి మెట్టు ఎక్కండి. 2388 మెట్లే. చంద్రగిరి వైపు నుంచి, రెండు కిలోమీటర్లే. కృష్ణదేవరాయలు పోయిన దారంటారు."

"తక్కువ గదా అని పంపిస్తా ఉండావా ఆయన్ని?" వెనక సీట్లోంచి ఇంకో గొంతు. "రెండు కిలోమీటర్లలో అంత ఎత్తు ఎక్కాలంటే ఆడ చదునే ఉండదు సామీ. ప్రాణం పోతాది."

"పోతే కొండమీదే గదప్పా పోయేది!"

కండక్టరు కూడా శ్రీవారి మెట్టు పక్షమే తీసుకున్నాడు. నా పక్కనున్న ఆసామి ఫోన్ తీసి ఆ దారి ఫొటోలు చూపించటం మొదలుపెట్టాడు. వాదన అలిపిరి స్టాండు దాకా తెగలేదు.